వెంటనే వదలాలి

ఆపేశానని తెర మీద చూపిస్తూనే ఒక మనిషి ప్రాణం పోయేదాకా ఒంట్లోకి మందు ఎక్కించిన ఆ పంపులో ఒక్క లోపం కూడా లేదని తేలేసరికి ప్రయోగశాలలో అందరూ పరీక్షల మేడమ్ అనే ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసింది.

లోపం దొరికి ఉంటే బాగుండేది. ఒక తీగ తెగి ఉన్నా, ఒక స్ప్రింగు బిగుసుకుపోయి ఉన్నా, ఆ ముక్క చేత్తో పట్టుకెళ్లి తమ్ముణ్ణి కేసులోంచి బయట పడేసేది. తీగలన్నీ బాగున్నాయి. స్ప్రింగు నొక్కి వదిలితే కొత్తదానిలా ఎగిరిపడుతోంది. అయినా రోగి చేతికి బదులు గాజు సీసాలో పెట్టిన గొట్టం కొస నుంచి చుక్క వెనక చుక్క రాలుతూనే ఉంది. పైన చిన్న తెర మీద పచ్చటి అక్షరాల్లో 'ఆగింది' అని ఉంది.

"ఆగిందంటోంది," అన్నాడు విచారణాధికారి, సీసా మీదికి వంగి.

"ఆగలేదు సార్."

"అది నా కళ్లకీ కనిపిస్తోందమ్మా. ఎందుకు ఆగలేదో చెప్పండి."

ఉద్యోగమంతా పోలీసు శాఖలో చేసి, రిటైరయ్యాక ఇలాంటి విచారణలు చేస్తున్న మనిషి ఆయన. యంత్రాల గురించి తనకేమీ తెలియదని మొదటి రోజే ఒప్పుకున్నాడు. అబద్ధాల గురించి మాత్రం కాస్త తెలుసన్నాడు. ముద్దాయి అక్క చేతికే పరీక్ష అప్పగిస్తారా అని పైవాళ్లు నిలదీస్తే, ఈ పని తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరే ఉన్నారనీ, రెండోవాడు పంపు కంపెనీ జీతం తింటున్నాడనీ, ఎవరు అబద్ధమాడితే తనకి తేలిగ్గా దొరుకుతారో వాళ్లకే ఇచ్చాననీ చెప్పాడట. పరీక్ష మొదటి నుంచి చివరి దాకా తన కళ్లెదుటే జరగాలని మాత్రం షరతు పెట్టాడు.

చనిపోయినవాడు ఒక బస్సు డ్రైవరు. కాలు విరిగి ఆస్పత్రిలో చేరాడు. నొప్పి తెలియకుండా ఉండటానికి ఈ పంపుతో మందు ఎక్కిస్తున్నారు. ఇక చాలని నర్సు ఆపు బటన్ నొక్కింది. తెర మీద ఆగిందని రాగానే పక్క మంచం వైపు తిరిగింది. మళ్లీ వచ్చి చూసేసరికి డ్రైవరు పెదవులు నీలంగా మారిపోయి ఉన్నాయి. మొదట నర్సునే పట్టుకున్నారు. ఆమె బటన్ నొక్కిన మాట నిజమేనని తేలాక, ఆ పంపుకి ప్రోగ్రాము రాసినవాడి మీద పడ్డారు. ఆ రాసినవాడు పరీక్షల మేడమ్ తమ్ముడు.

పంపు కంపెనీ లాయరు ఒక దారి చూపించాడు. వాల్వు మూయమని రాయడం మరిచిపోయానని తమ్ముడు ఒప్పుకుని సంతకం పెడితే శిక్ష తగ్గుతుంది. కంపెనీ పేరు నిలబడుతుంది. తమ్ముడు సరేనన్నాడు. ఇవాళ సాయంత్రం సంతకం. అది పడ్డాక ఏ పరీక్ష చేసినా ఎవరూ చూడరు.

"మీ తమ్ముడి ప్రోగ్రాములో వాల్వు మూసెయ్యమని ఎక్కడుందో చూపించండి చాలు," అన్నాడు విచారణాధికారి.

"లేదు సార్. ఉండక్కర్లేదు."

"లాయరు అంటున్నదీ అదే కదమ్మా. లేదని."

ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఈ ప్రోగ్రాము రాసిన భాషని, తయారుచేసిన మాస్టారి పేరు మీదే అందరూ మాస్టారి భాష అంటారు. దానికొక పుస్తకం ఉంది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. ఆ కంపైలర్ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేది పుస్తకం. అందులో ఒక నియమం ఉంది: 'ఒక పని మధ్యలో ఆగిపోతే అది పట్టుకుని ఉన్నవన్నీ వెంటనే వదలాలి.' మందు ఎక్కించే పని వాల్వును తెరిచి పట్టుకుని ఉంటుంది. స్ప్రింగు తలుపును చేత్తో పట్టుకున్నట్టు. పని ఆగిందంటే చెయ్యి వదిలినట్టే. తలుపు దానంతటదే మూసుకుంటుంది. మూసెయ్యమని మళ్లీ వేరే రాయడమెందుకు?

"వెంటనే అన్నారు," అన్నాడాయన. "వెంటనే బయల్దేరదాం అని మా ఆవిడ అంటే నేను ఒక కునుకు తీసి లేస్తాను. నన్నెవరూ జైల్లో పెట్టలేదు."

"నియమంలో అలా కుదరదు సార్. పుస్తకం మొదటి అధ్యాయమంతా అదే. వెంటనే, తప్పక, వచ్చు, మామూలుగా... ఇలాంటి ఇంటి మాటలన్నింటికీ ఒక్కో గట్టి అర్థం కట్టేశారు. నియమంలో 'వెంటనే' అంటే ఇంకో అడుగు పడకముందే. కునుకు లేదు."

"అయితే ఈ కంపైలర్ కునుకు తీసిందన్నమాట."

తీసింది. ఈ పంపుకి వాడినది కొత్త కంపైలర్. పుస్తకం కొత్త ముద్రణ వచ్చాక దాని ప్రకారం తయారైనది. పనులు ఆగిన ప్రతిసారీ పట్టుకున్నవి వదులుతూ కూర్చుంటే వేగం తగ్గుతుందని, ఖాళీ దొరికినప్పుడు అన్నీ కలిపి వదులుతోంది. ఆ రోజు ఆస్పత్రిలో దానికి ఖాళీ దొరకలేదు.

విచారణాధికారి పంపును తిప్పి చూశాడు. వెనక కంపైలర్ పేరు, దాని పక్కన గుండ్రటి ముద్ర ఉన్నాయి. పుస్తకంలోని ప్రతి నియమానికీ పరీక్ష రాసి, అన్నింటిలో నెగ్గిన కంపైలర్‌కి ఆ ముద్ర వెయ్యడమే ఈ ప్రయోగశాల పని.

"ముద్ర మీదే కదమ్మా?"

"మాదే."

"ఆ వెంటనే నియమానికి పరీక్ష లేదా?"

ఉంది. ఆమే స్వయంగా రాసింది. అక్కడికక్కడే ఆ పరీక్షను వెతికి తీసి, చేత్తో నడిపించింది. కంపైలర్ తప్పింది. మళ్లీ నడిపించింది. మళ్లీ తప్పింది. ఇంత తేలిగ్గా దొరికిపోయే తప్పును కొత్త ముద్రణ వచ్చినప్పుడు పరీక్షలన్నింటినీ వరసగా నడిపే యంత్రం పట్టుకోకుండా అన్నీ నెగ్గినట్టు ఎలా చూపించింది?

"ఇప్పుడు అబద్ధం ఎవరిదమ్మా?" అన్నాడు విచారణాధికారి, గొంతు పెంచకుండానే. "మీదా, మీ యంత్రానిదా?"

పాత ముద్రణ ఒక్కసారి చూడాలంది ఆమె. ప్రయోగశాలలో కొత్తది వచ్చిన రోజే పాతది తీసేస్తారు. అచ్చు పుస్తకం తమ్ముడి ఇంట్లో ఉంది. ఆయన టోపీ తీసుకుని ఆమె కంటే ముందే మెట్లు దిగాడు.

*

తలుపు మరదలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. వెనక నిలబడ్డ కొత్త మనిషి ఎవరో తెలుసుకుని, లోపలికి రమ్మని కుర్చీ తుడిచి వేసింది.

తమ్ముడు బాల్కనీలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. ఒకటే బూటు. రెండోది పక్కన మట్టితో అలాగే ఉంది. అక్కను చూసి నవ్వబోయి మానేశాడు. ఎన్ని రోజులైందో గడ్డం గీసుకుని. సంతకానికి వెళ్లేముందు గీసుకుంటానన్నాడు, అడగకుండానే.

అక్కడికి వచ్చిన పని చెప్పింది ఆమె. పంపు బాగుంది, నీ ప్రోగ్రాము బాగుంది, ఎక్కడో పుస్తకం దగ్గరే ఏదో జరిగింది, రేపటి దాకా ఆగమంది. తమ్ముడు గుడ్డను బూటు మీద రుద్దుతూనే ఉన్నాడు.

"ప్రోగ్రాము నాదక్కా. దాని చేతిలోనే ఆయన పోయాడు. పుస్తకం మీదకి తోసేసి నేను నిద్రపోలేను."

"ఇప్పుడు మాత్రం నిద్రపోతున్నావా?"

అతను గుడ్డను మళ్లీ పాలిష్ డబ్బాలో ముంచాడు. మరదలు గుమ్మంలోంచే అంది: "వదినా, సంతకం పెట్టకుండా మొగుడి చేతులు కట్టేసే చట్టమేదైనా ఉందేమో ఆ సారుని అడగండి. ఉంటే తాడు నేను తెస్తాను."

విచారణాధికారి అలాంటి చట్టం లేదని మర్యాదగా చెప్పాడు.

పాత పుస్తకం అలమరలో పైనే ఉంది. కొత్తది ఆమె సంచిలో ఉంది. రెంటినీ బల్ల మీద పక్కపక్కన తెరిచి, ఆ పేజీ తీసింది. పాతదాంట్లో ఆమె చదువుతుంటే కొత్తదాంట్లో విచారణాధికారి వేలు పెట్టి చూశాడు. ఒక పని మధ్యలో ఆగిపోతే. ఉంది. అది పట్టుకుని ఉన్నవన్నీ. ఉంది. వెంటనే వదలాలి. ఉంది. ముందున్న వాక్యమూ అదే, వెనకున్నదీ అదే. ఒక్క అక్షరం తేడా లేదు. ఆయన వేలు తీసేసి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో జాలి కనిపించి ఆమెకి ఒళ్లు మండింది.

పుస్తకాలు రెండూ పాడైనా పరవాలేదనుకుంది. పాతదాంట్లోంచి ఆ పేజీ చింపింది. కొత్తదాంట్లోంచీ చింపింది. ఒకదాని మీద ఒకటి సరిగ్గా అంచులు కలిపి కిటికీ అద్దానికి ఆనించింది. బయటి ఎండ రెండు కాగితాల్లోంచీ వచ్చింది. పై నుంచి కింది దాకా అక్షరం మీద అక్షరం కూర్చుంది, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క వాక్యం మాత్రం మసకగా, జంటగా కనిపించింది. కొత్త పేజీలో అది బొటనవేలి వెడల్పు కుడివైపుకి జరిగి ఉంది.

ఆమె ఆ జరిగిన చోట గోటితో గీత పెట్టింది.

"అంతేనా?" అన్నాడు విచారణాధికారి. "కాస్త జరిగింది. జరిగితే ఏమైంది?"

ఈ పుస్తకంలో అంచే చట్టం అని చెప్పింది ఆమె. ఎడమ అంచు నుంచి మొదలైన వాక్యం నియమం. లోపలికి జరిపి అచ్చు వేసిన వాక్యం వివరణ. వివరణ చదువుకోవడానికే గానీ, దానికి ఎవరూ కట్టుబడక్కర్లేదు. మొదటి అధ్యాయం కట్టిన గట్టి అర్థాలు నియమాల వరకే. వివరణలో మాటలకి ఇంట్లో ఉన్న అర్థమే.

"ఇందాక మీరన్నారే సార్, కునుకు తీసి లేస్తానని. ఈ పేజీలో 'వెంటనే' అంటే ఇప్పుడు అదే."

ఆయన ఆ ఖాళీని వేలితో కొలిచి చూశాడు. తర్వాత, ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండి ఎవరూ చూడలేదా అని అడిగాడు. ఎలా చూస్తారు? కొత్త ముద్రణ సిద్ధమైనప్పుడు భాషను నడిపే సంఘం వాళ్లు పాతదాంతో పోల్చి, మారిన మాటలు మాత్రమే తీసి చర్చిస్తారు. ఇక్కడ మాట మారలేదు. చర్చకే రాలేదు. పరీక్షల యంత్రం అంచులు చూసి నియమాలను ఏరుకుంటుంది. వివరణలకి పరీక్ష ఉండదు. ఆమె రాసిన పరీక్ష ఆ రోజు నుంచీ మూలన పడింది. కంపైలర్ చేసినవాళ్లు ఏ నియమమూ మీరలేదు. తమ్ముడూ మీరలేదు. అందరూ పుస్తకం ప్రకారమే నడిచారు. మధ్యలో డ్రైవరు చచ్చిపోయాడు.

"ఇది చెయ్యి జారి జరిగిందా, జరిపారా?"

"అచ్చు కోసం అక్షరాలు పేర్చి పేజీ కట్టేటప్పుడు ఒక వాక్యం దానంతటది జరగదు సార్. జరపాలి."

బాల్కనీలో బూటు కింద పెట్టిన చప్పుడైంది. తమ్ముడు లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఆ జంట అక్షరాలను చూశాడు. ఆ వాక్యం దగ్గర అతని కళ్లు ఆగాయి. ఆశ్చర్యం మాత్రం లేదు.

"వదిలెయ్ అక్కా," అన్నాడు. "ఇక్కడితో వదిలెయ్. నీకు దణ్ణం పెడతాను."

ఎందుకని ఆమె అడుగుతుండగానే బాల్కనీలోకి వెళ్లి రెండో బూటు అందుకున్నాడు. ఆమె బయటికి నడుస్తుంటే మరదలు వెనకే వచ్చి, సాయంత్రం లోపల ఏదో ఒకటి చెయ్యమని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

*

వాక్యం జరిగితే లాభం ఎవరికో వెతకనక్కర్లేదు. కొత్త కంపైలర్ చేసిన కంపెనీ పెద్దని అందరూ టర్బో అంటారు. కాఫీ కలిపేటప్పుడు కూడా చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుంటాడని వాళ్ల ఆఫీసులో జోకు. అది జోకు కాదని, బల్ల మీద గిర్రున తిరుగుతున్న వాచీ చూశాక విచారణాధికారికి అర్థమైంది.

టర్బో గదిలో కుర్చీల్లేవు. నిలబడే మాట్లాడాలి. పేజీలు రెండూ కలిపి చూపించగానే, చూసేశానన్నట్టు చెయ్యి ఊపాడు. దాచడానికి ప్రయత్నమే చెయ్యలేదు. ఆ నియమం సడలించమని సంఘం ముందు తానే అడిగానన్నాడు. నిండు సభలో తనని నవ్వులపాలు చేశారన్నాడు. వేగం కావాలంటే వేరే భాష చూసుకోమన్నారు. ఓటు పెడితే తన పక్షాన లేచిన చెయ్యి తనదొక్కటే. సరే చూసుకుందామని వేరే భాషకి మారిపోవడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాక కొత్త ముద్రణ వచ్చింది. చూస్తే వాక్యం వివరణలో ఉంది.

"పైకి కాదని లోపల ఇచ్చారనుకున్నాను. పెద్దవాళ్లు అలాగే ఇస్తారు. పుచ్చుకున్నవాడు నోరు మూసుకుని పుచ్చుకోవాలి."

"అదే అదనుగా వాడుకున్నారు," అంది ఆమె.

"తలుపు నేను పగలగొట్టలేదు మేడమ్. తీసి ఉంటే నడిచాను. నాకు కళ్లున్నాయి, చూశాను. ముద్ర వేసినవాళ్లు మీరు. మీ కళ్లేమయ్యాయి?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. విచారణాధికారి మధ్యలోకొచ్చి, ఆ తలుపు తీసిందెవరని అడిగాడు.

టర్బో మొదటిసారి తొందర మానేశాడు. స్టాప్‌వాచ్ ఆపి జేబులో వేసుకున్నాడు.

"ఆ పుస్తకం పేజీలు ఎవరు కడతారో మేడమ్‌నే అడగండి. ఇక్కడికి వచ్చేదాకా ఆవిడకి తెలియదని మీరు నమ్మితే నమ్మండి."

కారులో కూర్చున్నాక విచారణాధికారి అడగలేదు. తనే చెబుతుందని ఊరుకున్నాడు. కిటికీ అద్దం మీద ఆ వాక్యం జంటగా కనిపించినప్పుడే అది ఎవరు జరిపారో ఆమెకి తెలుసు. తెలిసి కూడా టర్బో అయితే బాగుండునని ఇంత దూరం వచ్చింది. తమ్ముడు దణ్ణం పెట్టింది ఎవరి కోసమో కూడా ఇప్పుడు అర్థమైంది. డ్రైవరు పోయిన సంగతి పక్కన పెట్టి, తనకి వెళ్లడానికి ఇల్లొకటి తక్కువైపోతోంది అనుకుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

"ఎడమకి తిప్పండి సార్," అంది. "మాస్టారి ఇంటికి."

*

ఆమెకీ తమ్ముడికీ మొదటి ప్రోగ్రాము రాయించినవాడు మాస్టారు. నాన్న చనిపోయిన ఏడాది ఇద్దరినీ సాయంత్రాలు తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని చదివించాడు. గొప్పవాళ్లు రాసే గజిబిజి మాటలొద్దు, ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే యంత్రానికి చట్టం రాయొచ్చని పట్టుబట్టి రాసి చూపించినవాడు. పుస్తకం ప్రతి ముద్రణకీ పేజీలు తన చేత్తోనే కడతాడు. అంచు వెంట్రుకవాసి తప్పితే అర్థం తప్పుతుందని, ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు.

తలుపు ఆయనే తీశాడు. పలచబడ్డ మనిషి, పలచబడ్డ చొక్కా. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన దారం మీద క్లిప్పులతో పేజీలు వేలాడుతున్నాయి. బల్ల మీద ఇనప స్కేలు, భూతద్దం, సన్నగా చెక్కిన పెన్సిళ్లు. ఆమెని చూసి, పక్కనున్న మనిషిని చూసి, ఎవరని కూడా అడగలేదు.

"వాడు సంతకం పెట్టేశాడా అమ్మాయ్?" అన్నాడు.

సంతకం సంగతి ఇంట్లోవాళ్లకీ లాయరుకీ విచారణాధికారికీ తప్ప ఎవరికీ తెలియదు. అడిగి తెలుసుకుంటే తప్ప తెలిసే వీల్లేదు. ఆమె రెండు పేజీలూ బల్ల మీద పెట్టింది. ఆయన వాటివైపు చూడలేదు. వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇంకా పెట్టలేదు," అంది ఆమె. "మీరు చెప్పండి మాస్టారూ. చెయ్యి జారి జరిగిందని చెప్పండి, నమ్ముతాను."

"నా చేయి ఎప్పుడైనా జారిందా తల్లీ," అన్నాడాయన. "నేనే జరిపాను."

విచారణాధికారి ఫోన్ తీశాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, సంతకం పెట్టించకండి, పెట్టించినా చెల్లదు, కారణం నేను వచ్చి చెబుతాను అని అవతలివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాడు. తిరిగి వచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టి, మీరు చెప్పేది ఇందులో రికార్డు చేస్తున్నానని మాస్టారికి చెప్పాడు. మాస్టారు తలూపి, ఫోన్‌ని కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. తరగతిలో పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"సభలో టర్బోని కాదన్నది నేనే. వేరే భాష చూసుకోమన్నదీ నేనే. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే వాడు నిజంగానే చూసుకుంటాడని నాకు తెలుసు. వాడు పోతే వెనకే అందరూ పోతారు. ఇప్పటికే పిల్లలెవరూ నేర్చుకోవడం లేదు. నెమ్మది అంటున్నారు, ముసలిది అంటున్నారు. నా జీవితమంతా పోసి చేసినది నేను బతికుండగానే పోతుందనిపించింది. దానికి అడ్డం ఒక్క వాక్యం. తీసేస్తే సంఘం పట్టుకుంటుంది. మాట మారిస్తే నీ పరీక్ష పట్టుకుంటుంది. జరిపితే ఎవరూ చూడరు. ఎవరు దేన్ని చూడాలో, దేన్ని చూడనక్కర్లేదో, ఆ పద్ధతులన్నీ పెట్టినవాణ్ణి నేనే కదా. ఈ బల్ల మీదే, ఆ స్కేలుతోనే జరిపాను. ఒక్క మాట కూడా చెరపలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వాడుకునేవాళ్లు అంచు చూసుకోవద్దా అనుకున్నాను.

"ఎవరికీ ఏమీ కాదనుకున్నానని చెబితే మీరు నమ్మొచ్చు. అది నిజం కాదు. మీ తమ్ముడు వచ్చాడమ్మాయ్. పంపు ఆస్పత్రికి వెళ్లకముందు. నీ పక్కనున్న ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మందు ఎక్కించే పంపు మాస్టారూ, వాల్వంతా ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి రాశాను, కొత్త పుస్తకంలో అది ఉంది కదా అని అడిగాడు. ఉందన్నాను. ఒక్క అక్షరం కూడా పోలేదన్నాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. అంచు చూసుకోరా అంటే చాలు. ఇంకో వాక్యం రాసుకునేవాడు, వాల్వు మూసుకునేది. వాడేమో, మీ నోటితో విన్నాక మళ్లీ పుస్తకం తెరవడమెందుకు మాస్టారూ అని లేచి నిలబడ్డాడు. అలా అన్నాక ఎలా చెప్పను? చెబితే ఎందుకు జరిపారని అడుగుతాడు. వాడు అడిగితే నేను జవాబు చెప్పాలి. అంతకంటే ఒక మనిషి ప్రాణం పోయే అవకాశం చిన్నదిగా కనిపించింది నాకు. అవును సార్, అలాగే రికార్డు కానివ్వండి.

"డ్రైవరు పోయాడని తెలిసిన రోజు కూర్చుని ఆ పేజీ మళ్లీ కట్టాను. వాక్యాన్ని ఎడమకి, పాత చోటికి తెచ్చాను. అదిగో, ఆ దారానికి చివరి నుంచి రెండోది. వచ్చే ముద్రణలో కలిపేస్తే ఎప్పుడూ జరగనట్టే ఉంటుందని. వాణ్ణి పట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఈపాటికి వాడు అంచు చూసే ఉంటాడు, నా పేరు చెబుతాడని చూశాను. చెప్పలేదు. వాడు చెప్పడని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే వాణ్ణి పెంచింది నేను. సంతకం ఎప్పుడో ఆ లాయరుకి ఫోన్ చేసి కనుక్కున్నాను, పాత శిష్యుడి గురించి బెంగగా ఉందని చెప్పి. ఇవాళ సాయంత్రమన్నాడు. పొద్దున్నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నాను, అన్నం కూడా తినలేదు. నువ్వు తలుపు తట్టినప్పుడు, వాడు సంతకం పెట్టేశాడని చెప్పి ఏడవడానికి వచ్చావనుకున్నాను. నిజం చెప్పమంటావా తల్లీ, తలుపు దాకా లేచి వచ్చేటప్పుడు నాకు సంతోషంగా ఉంది."